మేడారం చుట్టాలు, సర్వప్ప

ఇంటికి పదిమందిని పిలిస్తే కేటరింగ్‌కు చెప్పేయడమే సుఖం, లేకపోతే వంటింట్లోనే తెల్లారుతుందని ఎవరో రాస్తే చదివాను. మాది హన్మకొండ. రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు పోయే చుట్టాలు పిలవకుండానే దిగుతారు. 2024 ఫిబ్రవరిలో ఒక్క రాత్రికే పద్నాలుగు మంది! మా మేనత్త వచ్చీ రాగానే "సర్వప్ప చెయ్యవే" అంది. సర్వప్ప అంటే గిన్నెలోనే కాల్చే బియ్యప్పిండి రొట్టె. మా ఇంట్లో ఉన్నవి రెండు గిన్నెలు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లాకు వేసి కలిపి, గిన్నె లోపల పలుచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి నూనె చుక్కలు వేయాలి. ఒకటి దిగాక గిన్నెను బోర్లించి, నీళ్లు పోసి చల్లార్చాలి. వేడి గిన్నెకు పిండి అంటదు. ఆ ఆలస్యమే మాకు పార్టీ అయింది. అందరూ వంటింటి గడప దగ్గరే కూలబడ్డారు. అడుగున ఎర్రగా కాలిన ముక్క కోసం మా బావ పిల్లలతో పోటీ! దుప్పట్లు చాలలేదు, నీళ్ల ట్యాంకు ఖాళీ, నాకు నడుం పట్టేసింది, అదీ నిజమే. తిరిగొచ్చేటప్పుడు అత్త బంగారం (అమ్మవార్లకిచ్చే బెల్లాన్ని అలాగే అంటాం లెండి) చేతిలో పెట్టి, "వచ్చేసారికి మూడో గిన్నె కొనిపెట్టు" అంది. 2026 జనవరి జాతరకు ముందే కొన్నాను.