ఈ వానాకాలాన్ని కూడా కార్ట్‌లోనే పోనివ్వకండి

నిన్న సాయంత్రం హన్మకొండలో చాయ్ తాగుతుంటే, నాకు తమ్ముడి వరుసయ్యే ఒకడు ఫోన్ తీసి, ఆన్‌లైన్‌లో కొందామని పోగేసుకున్న తన కార్ట్ చూపించాడు. ఇద్దరు పట్టే టెంట్, 50 లీటర్ల బ్యాగు, 400 ల్యూమెన్ల హెడ్‌ల్యాంప్, మైనస్ 10 డిగ్రీల చలిని ఆపే స్లీపింగ్ బ్యాగు. 3000 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ అంటే ఏమిటో, గుడ్డ మీద ఎంత ఎత్తున నీళ్లు నిలిస్తే లోపలికి చెమ్మ దిగుతుందో చక్కగా వివరించాడు. "మరి పాండవుల గుట్టకు ఎప్పుడు పోదాం?" అని అడిగాను.

"టెంట్ ఫైనల్ అయినంక పోదాం అన్నా."

పోయిన వానాకాలం బూట్లు ఫైనల్ కాలేదు. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికొచ్చే గుట్టకు టెంట్ ఎందుకు?

వాడి మీద నాకు కోపం లేదు, బాధ ఉంది. డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చి, రాత్రి పదకొండింటికి ఆ బ్యాగుల ఫోటోలు చూస్తుంటే సగం అడవిలో ఉన్నట్టే అనిపిస్తుంది. రెండేళ్లు నేనూ అట్లనే గడిపాను. ఆ రెండేళ్లలో లక్నవరం దాకా కూడా పోలేదు.

పైగా మనం చూసే సామానులో చాలావరకు మన నేలకు సంబంధమే లేదు. చలికి పేరుపడ్డ ఆదిలాబాద్ వైపు కూడా గట్టి చలి అంటే ఐదారు డిగ్రీలు. ఈకలు కూరిన జాకెట్ మన వానలో తడిస్తే ముద్దకట్టి, వెచ్చదనమే పోతుంది. చెమటను బయటికి పంపే ఖరీదైన రెయిన్ జాకెట్ ఉంది కదా, బయటి గాలి లోపలి కంటే పొడిగా ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుంది. జులైలో ములుగు అడవిలో గాలే తడిబట్టలా ఉంటుంది, ఇంక చెమట ఎక్కడికి పోతుంది?

నాకు అసలు మండేది వేరే. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు, "ట్రెక్కింగ్ అంటే కనీసం 20 వేలు పెట్టాలట కదా సార్?" అని అడిగింది. ఆ భయం పెట్టింది మనమే, మన ముచ్చట్లే. మలావత్ పూర్ణ మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, కూలి చేసుకునే ఇంటి బిడ్డ, గురుకులంలో చదువుకుంది. 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఎవరెస్ట్‌కు సామాను కావాలి, కాదనను. కానీ ఆమె ముందు ఎక్కింది భువనగిరి బండ.

పోయిన నెల నేను పాండవుల గుట్టకు పోయినప్పుడు మేకలు కాసే ఒక పెద్దాయన కలిశాడు. కాళ్లకు టైరు చెప్పులు, చేతిలో కర్ర. నేను ఒక బండ మీద అడుగు వేయబోతుంటే, "ఆగు బిడ్డా, పాకురు పట్టింది" అని కర్ర కొసతో గీకి చూపించాడు. పైకి మామూలు నల్లరాయి, గీకితే పచ్చటి జిగట. ఆయన ఆపకపోతే ఆ రోజు నడుము విరిగేది. ఏ బూట్ల రివ్యూలోనూ ఆ బండ గురించి లేదు.

2023 జులైలో ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడటానికి పోయినవాళ్లు, దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. 80 మంది దాకా ఉన్నారు, విపత్తుల్లో కాపాడే ఎన్డీఆర్‌ఎఫ్ సిబ్బంది పోయి బయటికి తెచ్చారు. అప్పుడు ఏ జాకెట్ అక్కరకొస్తుంది? పైన గుట్టల్లో వాన కొడుతుంటే కింద వాగు దాటొద్దని తెలిసి ఉండాలి, ఫారెస్టువాళ్లు వద్దన్న చోటికి పోకుండా ఉండాలి. అది నడిస్తేనే, ఊరివాళ్లను అడిగితేనే వస్తుంది.

జారని బూట్లు, రెండు లీటర్ల నీళ్లు, టార్చి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటే చాలు. ఎటు పోతున్నారో ఇంట్లో చెప్పి రండి. వాన గట్టిగా లేకుంటే ఆదివారం పొద్దున ఆరింటికి హన్మకొండ బస్టాండులో ఉంటాను, పరకాల మీదుగా పోయే భూపాలపల్లి బస్సు ఎక్కి రేగొండలో దిగి పాండవుల గుట్టకు పోదాం. టెంట్ లేకుండానే రమ్మని మా తమ్ముడికి కూడా చెప్పాను. వస్తానన్నాడు.