వెల్డింగ్ రాడ్లకు, పైపు ముక్కలకు ముందు డబ్బివ్వండి

రామాయపట్నం దగ్గర రానున్న బీపీసీఎల్ రిఫైనరీలో ఉద్యోగాలకు మన పిల్లలకు మూడు నెలల కోర్సు చాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. కావలి, కందుకూరు, ఉలవపాడు వైపు ఐటీఐ చదివిన వెల్డర్లు చాలామందే ఉన్నారు. కానీ రిఫైనరీ పైపుల పనికి సాధారణంగా 6జీ టెస్ట్ పెడతారు. అందులో పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు, వెల్డరే చుట్టూ తిరిగి అతకాలి. అతుకును ఎక్స్‌రే కూడా తీస్తారు. రోజూ రాడ్లు కాల్చి చెయ్యి తిరిగితేనే అది వస్తుంది. ఆ రాడ్లకు, పైపు ముక్కలకు బడ్జెట్ లేకుండా ఎన్ని కోర్సులు పెట్టి ఏం లాభం?

సేఫ్టీ సంగతి ఇంకా ముఖ్యం. రిఫైనరీల్లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన లేదు కదా అని ట్యాంకులోకి దిగితే ప్రాణమే పోతుంది. గ్యాస్ డిటెక్టర్ చేతికిచ్చి, మాస్క్ తొడిగించి నేర్పాలి దీన్ని.

ప్లాంట్ నడిపే పనికైతే అటెండెంట్ ఆపరేటర్ అనే ఐటీఐ ట్రేడ్ ఉంది, రెండేళ్లు. భూములిచ్చిన ఊళ్ల పిల్లలను ఇప్పుడే అందులో చేర్చి, అప్రెంటిస్‌షిప్‌కు విశాఖ రిఫైనరీకి పంపే ఏర్పాటు చేయండి సార్.