అరవై దాటాక మనసెందుకండీ?

మన దేశంలో అరవై దాటినవాళ్లకి బీపీ ఉంటుంది, షుగర్ ఉంటుంది, మోకాళ్ల నొప్పులు సరేసరి. మనసు మాత్రం ఉండదు. ఉద్యోగంతో పాటే అదీ రిటైర్ అయిపోతుంది, కాకపోతే దానికి శాలువా కప్పరు. పెద్దాయన అన్నం తగ్గించేశాడా, వయసు. చెప్పిందే చెప్తున్నాడా, చాదస్తం. పెద్దావిడ ఊరికే కళ్లు తుడుచుకుంటోందా, ముందా సీరియల్ కట్టేయండి. డాక్టర్ అక్కర్లేకుండా అన్నీ ఇంట్లోనే తేలిపోయాయి.

పెద్దవాళ్లూ బాగానే సహకరిస్తారు లెండి. "దిగులుగా ఉంది" అని చచ్చినా అనరు, "ఒళ్లంతా మంటలు, గుండె దడ, గాభరా" అంటారు. ఈసీజీ తీయిస్తే నార్మల్. "మీ గుండెకేం కాలేదు మామయ్యగారూ" అని కోడలు సంతోషంగా చెప్తుంది, మందుల షాపువాడిచ్చిన నిద్రమాత్రతో ఆ సంగతి అక్కడితో సరి. థైరాయిడ్ తేడా చేసినా, బి12 తగ్గినా, చెవులు వినపడక నలుగురిలో కూర్చోవడం మానేసినా మనిషి ఇలాగే డీలాపడతాడని, వైద్యం చేస్తే చాలామంది తేరుకుంటారని డాక్టర్లు అంటారనుకోండి, వాళ్లకేం, ఎన్నైనా అంటారు.

అమెరికా అబ్బాయి ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. తెర మీద సీలింగ్ ఫ్యానూ, నాన్నగారి సగం నుదురూ. "బాగున్నావా నాన్నా?" "ఆ, బాగున్నాన్రా." ఫ్యాన్ బాగానే తిరుగుతోంది కాబట్టి అబ్బాయి నిశ్చింతగా ఫోన్ పెట్టేస్తాడు.

పెద్దవయసువాళ్ల ఆరోగ్యం, బతుకు ఎలా ఉన్నాయో చూడ్డానికి 2017-18లో కేంద్రం చేయించిన లాసీ సర్వేలో, అరవై దాటినవాళ్లలో 8.3 శాతం మందికి, అంటే దాదాపు పన్నెండు మందిలో ఒకరికి, తీవ్రమైన డిప్రెషన్ ఉండొచ్చని తేలింది. తమకా జబ్బుందని డాక్టర్ చెప్పాడన్నవాళ్లు మాత్రం ఒక శాతం కూడా లేరు. దీన్ని వైద్యం అందకపోవడం అంటున్నారు కొందరు. నేను సంస్కారం అంటాను. ఇంత జబ్బుని ఇరుగుపొరుగుకి తెలియకుండా దాచుకోవడం మాటలా?

ప్రభుత్వాన్ని తప్పుపట్టడానికి లేదు. మనసు బాగోలేనివాళ్లకి టెలి మానస్ 14416, పెద్దవాళ్లకి ఎల్డర్‌లైన్ 14567 అని ఫోన్ నంబర్లు పెట్టింది, చేస్తే మాట్లాడతారు కూడా. పెన్షనర్లు బతికే ఉన్నారో లేదో ఏటా లైఫ్ సర్టిఫికెట్ అడిగి మరీ కనుక్కుంటుంది. ఆంధ్రలోనైతే ఒకటో తారీఖు పొద్దున్నే ఊళ్లోని సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకే వచ్చి, వేలిముద్ర పడకపోతే నాలుగుసార్లు తుడిపించి, వృద్ధాప్య పెన్షన్ నాలుగు వేలు చేతిలో పెట్టి వెళ్తున్నాడు. పనిలో పనిగా "నిద్ర పడుతోందా తాతా, దేనిమీదైనా ఆసక్తి ఉంటోందా" అని రెండు ప్రశ్నలు అడిగిస్తే పోలేదా అని ఓ మిత్రుడు సలహా ఇచ్చాడు. చూడండి ఎంత బాధ్యతారాహిత్యమో! పొరపాటున తాత జవాబు చెప్పడం మొదలుపెడితే సాయంత్రంలోగా మిగతా ఇళ్లు ఎవరు తిరుగుతారు?