పట్టు దొరకని కెమెరా

జేబులో పడుతుందని మురిసిపోయి చిన్న కెమెరా కొన్నాను, తీరా చూస్తే చేతిలో నిలవడం లేదు. ముందువైపు సబ్బుబిళ్లలా నున్నగా ఉంటుంది, మే నెల ఎండలో చార్మినార్ దగ్గర అరచేతికి చెమట పట్టిందా, ఇక దేవుడే దిక్కు. అంత ధర పెట్టి అమ్మేవాళ్లు ఓ రబ్బరు ముక్క అతికించి ఇస్తే ఏం పోయింది?

సరే, గ్రిప్ కొందామని కోఠీ వెళ్తే షాపాయన "యూనివర్సల్ అన్నా, అన్నిటికీ పడ్తది" అన్నాడు. పడింది, వారం తిరక్కుండా ఊడి కింద పడింది. జిగురంతా ప్యాంటు జేబుకే!

ఇంకోటి మెటల్‌ది, అడుగున 1/4 అంగుళం ట్రైపాడ్ స్క్రూతో బిగించేది. పట్టు బ్రహ్మాండం. కానీ బ్యాటరీ మూత, మెమరీ కార్డు రెండూ దాని కిందే! ఛార్జింగ్ అయిపోయిన ప్రతిసారీ లాడ్ బజార్ జనంలో నిలబడి రూపాయి బిళ్లతో స్క్రూ విప్పాలా? బొటనవేలికి ఆనించే థంబ్ గ్రిప్ అయితే హాట్ షూలో, అంటే కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడిలో దూర్చాలి, నా కెమెరాకి అసలు హాట్ షూనే లేదు. పైగా ఇవన్నీ తగిలిస్తే జేబులో పట్టదు, మరి చిన్నది ఎందుకు కొన్నట్టు?

ప్రస్తుతానికి మణికట్టుకి తాడు కట్టుకుని తిరుగుతున్నాను. "మేకపిల్లని తోలుకెళ్తున్నట్టుంది" అంటోంది మా ఆవిడ.