మట్టి కట్ట, కాగితాల కట్ట

ఆనకట్టను గట్టిపరచాలంటే సిమెంటు, ఉక్కు, ఇంజనీర్లు కావాలన్నది పాతకాలపు మూఢనమ్మకం. దాన్ని అజమాయిషీ చేసే కార్యాలయాన్ని మారిస్తే చాలు. ఈ విద్యను లోకానికి చూపించిన ఘనత అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానిది.

అక్కడ ఈడెన్‌విల్ అనే చోట ఒక ఆనకట్ట ఉంది. ఉండేది అనాలి. వరదను ఆపడానికి, కాస్త కరెంటు తీయడానికి 1924 ప్రాంతంలో కట్టారు. 2006లో ఒక ప్రైవేటు కంపెనీ చేతికి వచ్చింది. పెద్ద వరద వస్తే అలుగు చాలదు, పెంచండి అని కేంద్ర ఇంధన నియంత్రణ సంఘం 1990ల నుంచి పాత యజమానులకూ కొత్త యజమానికీ చెబుతూనే వచ్చింది. అలుగు పెరగలేదు, ఫైలు పెరిగింది. చివరికి 2018 సెప్టెంబరులో సంఘానికి కోపం వచ్చి విద్యుత్ లైసెన్సు రద్దు చేసింది. అంటే ఆ కట్ట ఇకమీదట కరెంటు తీయకూడదు, నీళ్లు మాత్రం నిలుపుకోవచ్చు. బ్రేకులు పడని బస్సులో టికెట్లు కొట్టవద్దని కండక్టరును హెచ్చరించి, బస్సును ఘాటు రోడ్డు మీదికి వదిలినట్టు!

లైసెన్సు పోవడంతో అజమాయిషీ రాష్ట్రానికి వచ్చింది. కేంద్రం లెక్కలో, రాగల అతిపెద్ద వరద మొత్తాన్నీ అలుగు మోయాలి. రాష్ట్రం లెక్కలో సగం మోస్తే చాలు. సెప్టెంబరులో ప్రమాదకరమైన కట్ట అక్టోబరు తనిఖీకి 'ఫరవాలేదు' అయింది. మధ్యలో ఒక్క తట్ట మట్టి పడలేదు.

రాష్ట్రం ఊరుకుందనుకోకండి. అనుమతి లేకుండా జలాశయం మట్టం తగ్గించి మంచినీటి ఆల్చిప్పల చావుకు కారణమయ్యారని 2020 ఏప్రిల్ 30న కంపెనీ మీద దావా వేసింది. ఆల్చిప్పలకు న్యాయం జరగవలసిందే, కాదనను. సరిగ్గా పందొమ్మిది రోజులకు, మే 19న, కట్టకు గండి పడింది. ఆ నీళ్లు దిగువన ఉన్న శాన్‌ఫోర్డ్ ఆనకట్టనూ తీసుకుపోయాయి. పదివేల మంది ఇళ్లు వదిలి వెళ్లారు. ముందే ఊళ్లు ఖాళీ చేయించడంతో ఒక్క ప్రాణమూ పోలేదు.

అసలు వినోదం 2022లో వచ్చిన నిపుణుల నివేదికలో ఉంది. నీరు కట్ట మీదుగా పొర్లనే లేదట. తొలినాళ్లలో సరిగ్గా దిమ్మిస కొట్టకుండా పోసిన ఇసుక నీటికి నాని, ఉన్నట్టుండి బురదలా జారిపోయిందట. దాదాపు పాతికేళ్లు అలుగు మీద జరిగిన వాదనకు కట్ట కడుపులోని ఇసుక ఏనాడూ అడ్డు చెప్పలేదు పాపం, తన వంతు వచ్చేదాకా ఆగింది.

కంపెనీ గండి పడిన 2020లోనే దివాలా పిటిషను వేసింది. కొత్త కట్టలకు రాష్ట్రం కొంత డబ్బు ఇచ్చింది, మిగతాది ఒడ్డున ఇళ్లున్నవారి పన్ను బిల్లుల్లో చేరింది. ఆల్చిప్పలకు మాత్రం ఇంకా బిల్లు పంపలేదు.