కట్ట కాసే మనిషికి మేర ఎవరు కొలుస్తారు?

2024 మార్చి నెలాఖరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలిచే పనిలో ఉన్నాడు. దూరంలోని కంప్యూటర్‌లోకి సురక్షితంగా ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు ఎప్పటికన్నా అర సెకను ఎక్కువ పడుతోంది. మనలో చాలామందిమి నెట్‌వర్క్ మందకొడిగా ఉందనుకుని వదిలేసేవాళ్లం. ఆయన వదల్లేదు, తవ్వుకుంటూ పోయాడు. మార్చి 29న లోకానికి చెప్పాడు: ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధ కోడ్) 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఆ లాగిన్‌ను దాటి లోపలికి దూరేందుకు ఎవరో దొంగదారి పెట్టారు. లోపాల తీవ్రతను కొలిచే స్కేలులో దానికి 10కి 10 వేశారు.

ఆ దారి ఎలా పడిందన్నదే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి చూసుకుంటూ వచ్చింది ఫిన్లాండ్‌కు చెందిన లస్సే కోలిన్, దాదాపు ఒంటరిగా. 2022లో కొన్ని అపరిచిత పేర్లతో ఒత్తిడి మొదలైంది: కొత్త వెర్షన్ ఏది, పగ్గాలు వేరొకరికి ఎందుకివ్వవు అని. మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది డబ్బు రాని హాబీ ప్రాజెక్టనీ ఆయన చెప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే జియా టాన్ అనే పేరుతో ఎవరో ఓపిగ్గా ప్యాచ్‌లు (కోడ్‌కు దిద్దుబాట్లు) పంపుతూ నమ్మకం సంపాదించి, రిలీజ్‌లు చేసే అధికారం అందుకున్నారు. దొంగ కోడ్‌ను టెస్ట్ ఫైళ్లలో దాచారు. దాన్ని బయటికి లాగే మెట్టు మార్పులన్నీ అందరికీ కనబడేలా నమోదయ్యే గిట్‌లోని కోడ్‌లో లేదు, వాడేవారి కోసం కట్టగా విడుదల చేసిన టార్ ఫైల్లోనే ఉంది.

ఇలాంటి ఓపెన్ సోర్స్‌లో కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని మనం ధీమాగా ఉంటాం. చూడటానికి మనిషి కావాలి, ఆ మనిషికి పూట గడవాలి. మన ఊళ్లలో చెరువు అందరిదే. అయినా కట్ట కాసి తూము తీసే నీరటికి పంట ఇంటికి చేరకముందే కల్లంలో మేర, అంటే అతని వాటా వడ్లు, కొలిచేవారు. ఓపెన్ సోర్స్‌లో మనం చెరువును ఉంచుకుని నీరటిని మరిచిపోయాం. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డాక తెలిసింది, ఇంటర్నెట్‌లో సగం తాళాలు వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి అందే విరాళాలు 2 వేల డాలర్లకు అటూఇటూ అని.

నాకిది 2021 డిసెంబరులో అనుభవానికొచ్చింది. ప్రోగ్రాముల్లో జరిగేదాన్ని నమోదు చేసే లాగ్‌ఫర్‌జె లైబ్రరీలో లోపం బయటపడ్డ వారాంతం, హైదరాబాద్‌లో మా టీమంతా ఆఫీసులోనే. ఒక చిన్న బిల్లింగ్ సర్వీసులో వెతికితే ఆ లైబ్రరీ ఉండే జార్ ఫైలు మూడు చోట్ల, మూడు వెర్షన్లలో దొరికింది. రెండు చోట్ల ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అంతగా వాడుకుంటున్న మేము ఆ ప్రాజెక్టుకు అప్పటిదాకా ఒక్క బగ్ రిపోర్టు కూడా పంపలేదు. తర్వాత నేను వేరే లైబ్రరీకి ప్యాచ్ పంపితే, అప్రైజల్ ఫారంలో దాన్ని రాయడానికి గడే లేదు.

డబ్బు ఇచ్చేవారు లేకపోలేదు. 2024 అక్టోబరులో షేర్ల ట్రేడింగ్ సంస్థ జెరోధా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది, అది మెచ్చుకోవాల్సిన పని. కానీ డబ్బొక్కటే చాలదు. కోలిన్‌కు అప్పుడు కావలసింది పక్కన కూర్చుని కోడ్ చదివే నమ్మకస్తుడు. కాలేజీ కుర్రాళ్లు రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్లో) ఒక మాట మార్చి పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) పంపితే ఆ భారం దిగదు, పెరుగుతుంది. జీతం తీసుకునే మా లాంటి ఇంజనీర్లు ఆఫీసు వేళల్లో, మేం వాడే లైబ్రరీల మీదే కూర్చోవాలి. దాన్ని కంపెనీ పనిగా లెక్కగట్టాలి.

మా టీమ్‌లో ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నాలు దానికే. ఈమధ్య మా జూనియర్ ఒకమ్మాయి మేం వాడే ఒక లైబ్రరీలో రెండేళ్లుగా పరిష్కారం కాక తెరిచే ఉన్న ఒక బగ్‌ను పట్టుకుంది. సరిచేయలేకపోయింది. ఏ ఇన్‌పుట్ ఇస్తే, ఏ వెర్షన్‌లో అది వస్తుందో మాత్రం పదకొండు లైన్లలో రాసి పంపింది. మర్నాటికల్లా మెయింటైనర్, అంటే ఆ లైబ్రరీని చూసుకునే మనిషి, దాన్ని సరిచేశాడు.