ఆరడుగుల చెక్కు గారికి ఒక విన్నపం

చెక్కు గారికి,

అనంతపురం నుంచి నమస్కారాలు. మీరు మా షెడ్డు గోడకు ఆనుకుని నిలబడి పదకొండు నెలలైంది. ఆరడుగుల ఒంటి నిండా 'అక్షరాలా ఐదు లక్షల రూపాయలు మాత్రమే'. ఆ 'మాత్రమే' ఎంత నిజమో అప్పట్లో తెలియలేదు.

బెంగళూరులో పర్యావరణ పోటీ బహుమతి వేదిక మీద మీకు ఒక చివర నేను, రెండో చివర ముఖ్య అతిథి. ఫొటో అయ్యాక ఆయన తన చివర వదిలేశారు. అప్పటి నుంచి మీ బరువంతా నాదే. రాత్రి బస్సులో కండక్టరు మీకు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. ఇంటికొస్తే మా అమ్మ, "ఇంత పెద్దది బ్యాంకు కిటికీలో పడుతుందా నాయనా?" అని అడిగింది.

మీరు వచ్చింది వేరుశనగ పొట్టు పుణ్యాన. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. ఆ తేమైనా ఎర్రమట్టిలో నాలుగు రోజులు ఎక్కువ నిలవాలని, పొట్టును గాలి సరిగా అందకుండా డ్రమ్ములో కాల్చి బొగ్గు చేసి చేలకు వేస్తాం. పొగై పైకి పోవలసిన కర్బనంలో కొంత వందల ఏళ్లు మట్టిలోనే ఉండిపోతుంది. ఇదంతా చెబితే ఒక న్యాయనిర్ణేత, "ఇందులో కృత్రిమ మేధ ఎక్కడుంది?" అన్నారు.

మా గంగన్న తెల్లపొగ పలచబడి నీలిరంగుకు తిరిగే క్షణం కనిపెట్టి మూత వేస్తాడు. ఆలస్యమైతే మిగిలేది బూడిదే. మేధ ఉందండీ, కృత్రిమం కాదు, అంతే. ఆ మాట అనే ధైర్యం చాలక, "వచ్చే మూడు నెలల్లో పెడుతున్నాం" అన్నాను. చప్పట్లు కొట్టారు. మీరు దక్కింది ఆ అబద్ధానికేనని నా అనుమానం.

తర్వాత మీ లెక్క విప్పారు. మూడు లక్షలకు ఇంటర్నెట్ సర్వర్లలో ఉచితంగా చోటు. లక్షకు పెద్దల సలహాలు. మిగిలిన లక్ష విడతల్లో, మొదటి విడతకే పదిహేడు కాగితాలు. సర్వర్లలో పొట్టు నిల్వ చేయవచ్చా అని అడిగాను. జవాబు లేదు. మిల్లు యజమానికేమో రొక్కం కావాలి. ఇటుక బట్టీలకు పోయే పొట్టే అది. నా బహుమతి సంగతి పేపర్లో చదివిన మర్నాడే బస్తాకు పది రూపాయలు పెంచాడు. మా అమ్మ తర్వాత మిమ్మల్ని నిజమని నమ్మిన మనిషి ఆయనే.

సలహాల పెద్దలు కార్బన్ క్రెడిట్లు అమ్మమన్నారు. గాలిలో కలవకుండా ఆపిన టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఒక క్రెడిట్, పొగ వదిలే కంపెనీలు కొనుక్కుంటాయి. ఆ టన్ను నిజమేనని ధ్రువీకరించేవాళ్ల రుసుము విన్నాక, పొట్టు మానేసి ఆ ధ్రువీకరణ వ్యాపారమే పెట్టి ఉండాల్సిందనిపించింది.

మొన్న ఒళ్లు మండి మిమ్మల్నే డ్రమ్ములో వేయబోయాను. గంగన్న గోరుతో మీ అంచు గీరి చూపించాడు. అట్ట కాదట. ప్లాస్టిక్ నురుగు పలక, దాని మీద ప్లాస్టిక్ ఫ్లెక్సీ. పర్యావరణ బహుమతి కదా! "వద్దు బాబూ, నల్లపొగ లేస్తుంది, వీధంతా కంపు" అన్నాడు.

ఇక విన్నపం. సాయంత్రం నుంచి మబ్బు పట్టింది. బొగ్గు బస్తాలకు కప్పే టార్పాలిన్ పట్టా చాలడం లేదు. దయచేసి వాటి మీద పడుకోండి. అంకెలున్న వైపు కిందికి.

ఇట్లు,
మీ చివర ఇంకా వదలనివాడు